గ్రాండ్ ఓల్ ఓప్రీ: రేడియోలో పల్లెపాట

ఒక రేడియో కార్యక్రమాన్ని కావ్యాన్ని విమర్శించినట్లు విమర్శించవచ్చా? వేదికమీద ఎవరున్నారు, ఏ వేషంలో ఉన్నారు, ఖర్చు ఎవరు భరించారు అని అడిగితే విమర్శ మొదలైనట్లే. అమెరికాలోని 'గ్రాండ్ ఓల్ ఓప్రీ'ని ఈ మూడు ప్రశ్నలతో పరిశీలిద్దాం.

'బార్న్ డాన్స్' అంటే ధాన్యపు కొట్టంలో రైతు కుటుంబాలు చేరి ఫిడేలు పాటకు ఆడే నృత్యం. దీన్ని 1924 ఏప్రిల్‌లో షికాగోలోని డబ్ల్యు.ఎల్.ఎస్. కేంద్రం రేడియోకు ఎక్కించింది. ఆ కేంద్రం సియర్స్ రోబక్ దుకాణానిది. పోస్టులో సరుకులు తెప్పించుకునే రైతులే దాని ఖాతాదారులు. అక్కడి వ్యాఖ్యాత జార్జ్ హే నాష్‌విల్ చేరి, 1925 నవంబరు 28న డబ్ల్యు.ఎస్.ఎం. కేంద్రంలో 77 ఏళ్ల జిమ్మీ థాంప్సన్ చేత ఫిడేలు వాయింపజేశాడు. ఈ కేంద్రం ఒక బీమా కంపెనీది. ఖర్చు ఎవరిదో తెలిసింది కదా!

ఇక వేషం. హే తనను తాను 'గంభీరమైన ముసలి జడ్జి' అని పిలుచుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 30 ఏళ్లు. ఆయన జడ్జి కూడా కాదు. హంఫ్రీ బేట్ చదువుకున్న వైద్యుడు. ఆయన బృందానికి 'పోసమ్ హంటర్స్' అనే వేటగాళ్ల పేరు పెట్టారు. మొదట్లో సూట్లలో ఫొటోలు దిగిన కళాకారులు తరవాత కూలి దుస్తుల్లో కనిపించారు. అంటే పల్లెతనాన్ని కొంత తయారుచేశారన్నమాట.

మిగిలిన ప్రశ్న కఠినమైనది. హే చెప్పిన కథనం ప్రకారం, 1927లో ఒక రాత్రి శాస్త్రీయ సంగీత ప్రసారం ముగియగానే డిఫర్డ్ బెయిలీ మౌతార్గాన్‌పై రైలు పరుగును వినిపించాడు. 'ఇంతసేపూ గ్రాండ్ ఒపేరా విన్నాం, ఇక గ్రాండ్ ఓల్ ఓప్రీ' అనే అర్థంలో హే చమత్కరించాడు. ఆ పేరే నిలిచింది. బెయిలీ నల్లజాతి కళాకారుడు. 1941లో ఆయన్ని తొలగించారు. కొత్త పాటలు నేర్చుకోని సోమరి అని హే తరవాత రాశాడు. శ్రోతలు కోరినవి ఆ పాత పాటలే. పైగా ఆ ఏడాది హక్కుల రుసుముపై వివాదం వల్ల రేడియోలు ఎన్నో పాటలను ప్రసారం చేయలేకపోయాయి. బెయిలీ బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకున్నాడు. 1982లో మరణించాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది 2005లో.

అయితే ఓప్రీ అంతా బూటకమని తేల్చేయకండి. వేషం కల్పితమైనా వాయిద్యం కల్పితం కాదు. థాంప్సన్ ఫిడేలూ బెయిలీ రైలూ వారి జీవితం నుంచే వచ్చాయి. ఆ సంగీతాన్ని మెచ్చుకుంటూనే, దాన్ని 'మాది' అని చెప్పుకునే హక్కు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అని అడగటం విమర్శకుడి పని.

ఆలోచించండి: మీరు రేడియోలోనో టీవీలోనో చూసిన, విన్న ఒక జానపద కార్యక్రమాన్ని తీసుకొని, పై మూడు ప్రశ్నలకు పది వాక్యాల్లో జవాబు రాయండి.