జెడ్ బస్సు, ఎఫ్ బస్సు

ఆదోని బస్టాండులో కాసేపు నిలబడితే చాలు, బస్సును ప్రేమించేవాళ్లు ఎవరో తెలిసిపోతుంది. అందరూ బోర్డు చూస్తారు. వాళ్లు మాత్రం ముందు నంబరు ప్లేటు చూస్తారు. ఇంజను లేలాండుదా టాటాదా అన్నది చప్పుడు విని చెబుతారు. బండి ఏ డిపోదో అడక్కుండానే చెప్పేస్తారు. హైదరాబాదులో ఈ పిచ్చి ఉన్నవాళ్లకు రూటు నంబరే ఊరు: 219 అంటే పటాన్‌చెరు, 10హెచ్ అంటే కొండాపూర్, 49ఎమ్ అంటే మెహదీపట్నం. మా వైపు పల్లె బస్సుకు నంబరు ఉండదు, బోర్డు మీద ఊరి పేరుంటుంది, అంతే. అయితే హైదరాబాదు వాళ్లకు రోజూ దొరకనిది మాకు దొరుకుతుంది. రెండు రాష్ట్రాల బస్సులు ఒకే నీడలో పక్కపక్కన నిలబడి, ఒకే జనాన్ని ఎక్కించుకుని పోవడం మేం పొద్దున లేస్తే చూస్తాం. ఒకదానిది ఏపీ 21 జెడ్. రెండోది కేఏ 34 ఎఫ్, కాకుంటే కేఏ 36 ఎఫ్. 34 బళ్లారిది, 36 రాయచూరుది.

ముందు ఆ అక్షరాల సంగతి. కర్ణాటకలో ప్రభుత్వ రవాణా సంస్థ ఏదైనా బస్సు మీద ఎఫ్ ఉంటుంది. మన జెడ్‌కు మాత్రం ఒక కథ ఉంది. నిజాం రాజ్యంలో 1932లో రైల్వే శాఖ కింద 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలైంది. నిజాం తన తల్లి జెహ్రా బేగం పేరులోని మొదటి అక్షరాన్ని ఆ బస్సులకు పెట్టించాడని చెప్పుకుంటారు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడ్డాక ఆ జెడ్ రాష్ట్రమంతా తిరిగింది. ఆదోని సీమను నిజాం 1800లో కంపెనీ వాళ్లకు దత్తం చేసి వదులుకున్నాడు. నూట యాభై ఏళ్లు దాటాక ఆయన వంశం వాడి అమ్మ పేరు బస్సెక్కి ఈ సీమకు తిరిగొచ్చింది. చరిత్ర పుస్తకాల్లో వెతికితే దొరకని ఇలాంటి ముడులు నంబరు ప్లేట్ల మీద దొరుకుతాయి. బస్సు ప్రేమను పనిలేని వాళ్ల కాలక్షేపం అనేవాళ్లతో నేను అందుకే ఏకీభవించను.

ఇక పేర్లు. కర్ణాటక తన ఖరీదైన బస్సులకు రాచ ఊరేగింపు నుంచి పేర్లు తెచ్చుకుంది: ఐరావత, అంబారి, రాజహంస. బళ్లారి, రాయచూరు బస్సులను నడిపే కళ్యాణ కర్ణాటక సంస్థ ఒక స్లీపరుకు ఏకంగా రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి పేరు పెట్టింది. మనవాళ్లు ఆకాశం వైపు చూశారు: గరుడ, ఇంద్ర, వెన్నెల. ఇంతవరకు ఎవరి రుచి వాళ్లది, రెండూ బాగున్నాయి. తేడా అట్టడుగు బస్సు దగ్గర తెలుస్తుంది. పేదవాడు ఎక్కే బండిని కన్నడిగులు 'కర్ణాటక సారిగె' అన్నారు. సారిగె అంటే రవాణా, అంతకు మించి ఏమీ లేదు. మనం దానికి 'పల్లెవెలుగు' అని పేరు పెట్టాం. ఏసీ లేని, పుష్‌బ్యాక్ సీటు లేని, మోకాలు ముందు సీటుకు తగిలే బండికి ఉన్నవాటిలోకెల్లా మంచి పేరు దక్కింది. పేరు పెట్టిన మనిషి ఎవరో గాని, రాత్రి ఏడు గంటలకు కరెంటు లేని ఊళ్లోకి హెడ్‌లైట్లతో వచ్చే బస్సును చూసినవాడే అయ్యుంటాడు.

రంగు విషయంలో గెలుపు వాళ్లది. 'ఎర్రబస్సు ఎక్కి వచ్చాడు' అని పల్లెటూరి వాణ్ణి తక్కువ చేసే మాట తెలుగులో ఇప్పటికీ ఉంది. ఆ మాట పుట్టించిన ఎరుపును మన పల్లె బస్సు ఎప్పుడో వదిలేసింది. సారిగె బస్సు మాత్రం ఆ ఎరుపుతోనే ఆలూరు మీదుగా ఆదోనికి వస్తోంది. దుమ్ములో దూరం నుంచి కనిపించే రంగు అది. రోడ్డు పక్కన చెయ్యెత్తాల్సిన ముసలాయనకు కావలసింది ఆ కనిపించడమే. మన రంగులు దగ్గరికొస్తే అందంగా ఉంటాయి, దూరానికి ఆనవు.

ఇంతకూ ఈ రెండు బస్సులూ ఇక్కడెందుకు కలుస్తాయి? 1953 అక్టోబరు 1కి ముందు ఆదోని, ఆలూరు, రాయదుర్గం బళ్లారి జిల్లా తాలూకాలు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోకి, రాయదుర్గం అనంతపురంలోకి వచ్చాయి. బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. గీత గీశారు గాని, సంతలు, సంబంధాలు, ఆసుపత్రులు అటూ ఇటూ అలాగే ఉండిపోయాయి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి, దసరా రాత్రి దేవరగట్టుకు, ఏడాది పొడుగునా మంత్రాలయానికి కన్నడ జనం వస్తూనే ఉంటారు. హగరి నుంచి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మాధవరం మీదుగా రాయచూరు పోయే 167వ నంబరు జాతీయ రహదారి ముక్క రెండు చివరలా కర్ణాటకను పట్టుకుని, నడుమ మన ఊళ్లను మోస్తుంది. ఆ దారిలో కండక్టరు ఒక సీటు దగ్గర తెలుగులో, పక్క సీటు దగ్గర కన్నడంలో చిల్లర అడుగుతాడు. అది ఎవరికీ వింతగా తోచదు.

ఈ రెండు బస్సులను పోల్చేవాళ్లు తరచుగా ఒక అన్యాయం చేస్తారు. మన బస్సును పల్లె సందుల్లో చూస్తారు, వాళ్ల బస్సును హైవే మీద చూస్తారు. చూసి, వాళ్లది వేగం, మనది నత్తనడక అంటారు. లేకుంటే మనది జనం బస్సు, వాళ్లది డబ్బు బస్సు అంటారు. రెండూ తప్పే. పొరుగు రాష్ట్రంలో ఏ బస్సైనా చుట్టమే, చుట్టం ముందు గదిలోనే కూర్చుంటాడు. మన బస్సు బళ్లారి పోయినప్పుడు అదీ పెద్ద రోడ్డు దిగదు. వాళ్ల బస్సు సిరుగుప్ప పల్లెల్లో తిరిగేటప్పుడు అచ్చం మన పల్లెవెలుగులాగే మలుపు మలుపుకూ ఆగుతుంది. అసలు తేడా బస్సులో లేదు, ఒప్పందంలో ఉంది. రాష్ట్రాల మధ్య బస్సులు తిరగాలంటే కిలోమీటరుకు కిలోమీటరు సరితూగాలి. ఉదాహరణకు 2020 నవంబరు 2న రెండు తెలుగు రాష్ట్రాలు కుదుర్చుకున్న ఒప్పందం చూడండి. తెలంగాణలో ఆంధ్ర బస్సులు 638, తిరిగేది 1,60,999 కిలోమీటర్లు. ఆంధ్రలో తెలంగాణ బస్సులు 826, తిరిగేది 1,61,258 కిలోమీటర్లు. ఈ లెక్క తేలేదాకా, లాక్‌డౌన్‌లో ఆగిన బస్సులు నెలల తరబడి మళ్లీ కదల్లేదు. అంత పట్టుగా తూచిన కిలోమీటర్లను ఏ సంస్థైనా నిండుగా జనం ఎక్కే పెద్ద రోడ్డు మీదే ఖర్చు పెడుతుంది. సరిహద్దుకు ఆనుకుని ఉన్న హొళగుంద, కౌతాళం, హాలహర్వి పల్లెలు ఆ తూకంలో తేలిపోతాయి.

సంస్థల కట్టుబడిలోనూ తేడా ఉంది. కర్ణాటక తన రవాణాను నాలుగు ముక్కలు చేసింది. కలబురగి కేంద్రంగా 2000లో ఈశాన్య కర్ణాటక సంస్థ ఏర్పడింది, 2021లో కళ్యాణ కర్ణాటక అయింది. ఆంధ్ర ఒక్క సంస్థనే ఉంచుకుంది, 2020 జనవరి 1 నుంచి దాని ఉద్యోగులను ప్రభుత్వంలో కలుపుకుంది. వెనుకబడిన ప్రాంతానికి ఏది మేలు? నా ఓటు ముక్కలకే. కలబురగిలో కూర్చున్న అధికారికి రాయచూరు, బళ్లారి కళ్లెదుటి ఊళ్లు. విజయవాడలో కూర్చున్న అధికారికి కోసిగి రాష్ట్రం చివర ఒక చుక్క. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోయే జనం మూటాముల్లె కట్టుకుని ఏ వారంలో కదులుతారో, ఏ రాత్రి ఎన్ని బండ్లు కావాలో దగ్గరున్నవాడికే తెలుస్తుంది.

దగ్గరి అధికారానికి ఇంకో ముఖం ఉందని కూడా ఈ ప్రాంతానికి తెలుసు. పశ్చిమ కర్నూలు బస్సు రూట్లు ఒకసారి ముఖ్యమంత్రి కుర్చీనే కదిలించాయి. ప్రైవేటు బస్సులను జాతీయం చేసే స్కీములో కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకు జరిపారు. ఎన్నికల్లో తనకు ఎదురు నిలిచిన బస్సు యజమానుల మీద కోపంతో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఇలా చేయించారని యజమానులు కోర్టుకెక్కారు. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి ప్రమాణ పత్రం వేయలేదు. 1964లో సుప్రీంకోర్టు ఆ స్కీములను కొట్టేసింది. తీర్పులోని మాటలకు బాధ్యత తీసుకుని సంజీవరెడ్డి రాజీనామా చేశారు. తర్వాత రాష్ట్రపతి అయిన మనిషి జీవితంలో ఈ ఎర్రమట్టి రోడ్ల పాత్ర అది.

ఈ కేసును చాలామంది ప్రైవేటు బస్సుకూ సర్కారు బస్సుకూ జరిగిన పోటీగా చెబుతారు. నాకు అలా అనిపించదు. జాతీయం చేయడం తప్పని కోర్టు అనలేదు. ఈ రూటే ముందు ఎందుకు, ఏ లెక్క మీద, అని అడిగింది. బస్సు గురించి అడగాల్సిన ప్రశ్న అదే. మనం బాడీ ఎవరు కట్టారో అడుగుతాం, సీట్లు టూ బై టూనా త్రీ బై టూనా అని అడుగుతాం. ఈ ఊరికి ఎందుకుంది, పక్క ఊరికి ఎందుకు లేదు అన్నది అరుదుగా అడుగుతాం.

ఆ ప్రశ్నను ఇప్పుడు టికెట్టు మీద వేసి చూడండి. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం కర్ణాటకలో 'శక్తి' పేరుతో 2023 జూన్ 11న మొదలైంది. మన దగ్గర 'స్త్రీశక్తి' 2025 ఆగస్టు 15న వచ్చింది. పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా ఐదు రకాల బస్సులకు అది వర్తిస్తుంది. రెండూ మంచి పథకాలే, పనికి పోయే ఆడమనిషి చేతిలో ఆ డబ్బు మిగలడం చిన్న సంగతి కాదు. కాని రెండూ సరిహద్దు దగ్గర ఆగిపోతాయి, అంతర్రాష్ట్ర సర్వీసుల్లో సున్నా టికెట్టు ఇవ్వరు. ఆదోని కోడలు వందల కిలోమీటర్లు పోయి విశాఖలో ఉచితంగా దిగొచ్చు. పుట్టింటికి సిరుగుప్ప పోవాలంటే మాత్రం డబ్బులు తీయాలి. బళ్లారి నుంచి బీదరు దాకా ఉచితంగా పోగలిగిన ఆమె చెల్లెలికి ఆదోనిలో ఉన్న అక్క దగ్గరికి రావాలంటే అదే ఇబ్బంది. ఈ ఒక్క విషయంలో జెడ్‌కూ ఎఫ్‌కూ తేడా లేదు, ఇద్దరూ సమానంగా ఓడారు.

బస్సులను తూచడానికి నాకు ఒక కొలత జొన్నగిరి దగ్గర దొరికింది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారి పక్కన ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒకటి, మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా దారుల వెంట బావులు తవ్వించాననీ చెట్లు నాటించాననీ చెబుతుంది. రోడ్డు ఎంత వెడల్పు, రథం ఎంత వేగం అన్న మాట అందులో లేదు, నీళ్లు, నీడ ఉన్నాయి. అక్కడి లఘు శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి పోతే, కొన్ని కుడి నుంచి ఎడమకు వస్తాయి, ఎద్దు సాలు తోలి మలుపు తిరిగినట్టు. పోయింది తిరిగి రావాలి. పల్లె బస్సుకు కూడా ఇదే ప్రాణం. పొద్దున పట్నం తీసుకుపోయిన మనిషిని రాత్రికి ఇంటికి చేర్చకపోతే ఆ బండి బాడీ ఎంత మెరిసినా లాభం లేదు.

ఆ కొలతతో నా తీర్పు ఇది. దూరానికి కనిపించడంలో, దగ్గరి పాలనలో ఎఫ్ బస్సు మేలు. ఊళ్లోకి వచ్చి, రాత్రి ఊళ్లోనే పడుకుని, కోడి కూసే వేళకు మళ్లీ బయల్దేరే నైట్ హాల్టు బస్సు ఒక్కటి ఉన్నా సరే, ఆ ఊరికి సంబంధించినంత వరకు జెడ్ బస్సును మించింది లేదు. తొలకరి పడగానే వజ్రాల కోసం జొన్నగిరి చేలకు ఎక్కడెక్కడి జనమో వస్తారు, నాలుగు వారాలు వెతికి వెళ్లిపోతారు. ఆ ఊరి వాళ్లకు మాత్రం బస్సు పన్నెండు నెలలూ కావాలి.

రెండు ప్రభుత్వాలకూ నా విన్నపం ఒక్కటే. కిలోమీటరుకు కిలోమీటరు తూచుకునే ఒప్పందంలోనే టికెట్టుకు టికెట్టు తూచుకోండి. బళ్లారి, సిరుగుప్ప, రాయచూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మధ్య తిరిగే ఆడవాళ్లకు సున్నా టికెట్టు ఇవ్వండి. ఇక బస్టాండులో ఫోన్లు పట్టుకుని నిలబడే తమ్ముళ్లకు: బస్సు ఫోటో తీసినప్పుడు, మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్ని గంటలకో, నిన్న అది వచ్చిందో లేదో కూడా దాని కింద రాసి పెట్టండి.