టోకెన్ కొట్టే ముందు ఒక రాత్రి

శనివారం సాయంత్రం హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్ వైపు పాత కార్ల షోరూముల్లో తిరిగితే ఒకే మాట పదేపదే వినిపిస్తుంది. "సార్, ఈ బండికి ఇంకో పార్టీ రెడీగా ఉంది. ఏడింటికి వస్తున్నారు. మీరు ఇప్పుడే టోకెన్ కొడితే ఆపేస్తా." ఆ ఇంకో పార్టీ ఉన్నారో లేదో తెలుసుకునే దారి మనకు లేదు. ఆ మాట చెవిన పడ్డాక మాత్రం మన చూపు కారు మీద నుంచి గడియారం మీదికి పోతుంది.

ఐటీ ఉద్యోగాలకని కొత్తగా ఊరొచ్చిన కుర్రాళ్లు కారు చూడ్డానికి నన్ను తోడు రమ్మంటుంటారు. ఇంజను చూడమని పిలుస్తారు గానీ నేను వెళ్లేది వాళ్ల మొహమాటం కోసం. మనవాళ్లకు బేరం రాక కాదు, కూరగాయల బండి దగ్గర రూపాయి వదలని మనిషే ఇక్కడ మెత్తబడతాడు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, 'అన్నా అన్నా' అంటూ నాలుగు బండ్లు చూపించిన అబ్బాయికి వద్దని చెప్పి లేవడానికి మనసొప్పదు. అమ్మకమంతా ఆ ఇబ్బంది మీదే నడుస్తుంది. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఎదురుగా కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఉన్నట్టే అతనికీ టార్గెట్ ఉంది. అయితే అతని నెలాఖరు కోసం మనం ఐదేళ్లు ఈఎంఐ కట్టనక్కర్లేదు.

అందుకే నేను వాళ్లకు నేర్పేది ఒక్క మాట. "బండి నచ్చింది తమ్ముడూ. రేపు పొద్దున మీరు స్టార్ట్ చేయకముందే వచ్చి చూస్తాను." ఇందులో కాదనడం లేదు, గొడవ లేదు. పైగా పనికి నిజంగా కావలసింది ఇదే. సాయంత్రానికి పదిమంది నడిపి చూసిన ఇంజను వేడిగా ఉండి సాఫీగా పలుకుతుంది. రాత్రంతా చల్లారాక తాళం తిప్పితే, మొదటి నిమిషంలో వచ్చే టకటక శబ్దం, గొట్టంలోంచి వచ్చే నీలి పొగ చాలా సంగతులు చెబుతాయి. మళ్లీ వేసిన పెయింటు కూడా షోరూం లైట్ల కింద దాగుతుంది. పొద్దుటెండలో డోరుకీ బానెట్‌కీ రంగు తేడా కొడుతుంది.

ఈ ఊళ్లో ఇంకో భయం ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు టోలిచౌకి నదీం కాలనీ నుంచి పాతబస్తీ దాకా కార్లు నీళ్లపాలయ్యాయి. మునిగిన బండికి సీటు కవర్లు మార్చి, పాలిష్ కొడితే పైకి తళతళలాడుతుంది. "డాక్టర్‌గారి బండి అన్నా, ఇంటీరియర్ చూస్కోండి" అంటారు. అప్పుడే సీటు బెల్టును చివరిదాకా లాగాలి. రోజూ బయటికొచ్చే భాగాన్ని ఎవరైనా తుడుస్తారు, లోపల చుట్టుకుని ఉండిపోయే చివరి జానెడు మీద మట్టి చార మిగిలిపోవచ్చు. స్టెప్నీ తీసి ఆ గుంటలో వేళ్లు పెట్టి చూడాలి. సీటు కింద పట్టాల మీద తుప్పు ఉందేమో వంగి చూడాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 1423 అంటే 2023లో 14వ వారం తయారీ. మీటరు 28 వేలే చూపిస్తున్న 2019 బండికి నాలుగు టైర్లూ 2023వి ఎందుకున్నాయో అడగాలి. సరైన జవాబు ఉండొచ్చు, అడిగితేనే వస్తుంది.

కాగితాల దగ్గర ఇంకా నిదానం కావాలి. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాదంలో బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. అయినా రిజిస్ట్రేషన్‌లో పేరు మార్చకుండా, సంతకాలు పెట్టిన 29, 30 బదిలీ ఫారాల మీదే బండ్లు చేతులు మారే అలవాటు పోలేదు. దీన్ని ఆపడానికే పాత కార్ల డీలర్లు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ పత్రం చూపించమని అడగడం మర్యాద తప్పడం కాదు. "ఇన్సూరెన్స్‌లో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది సార్" అని ఊరించినా లొంగకండి. ఆ బోనస్ పాత యజమానిది, కారుతో పాటు మీకు రాదు.

ఇక టోకెన్. ఇవ్వక తప్పదనుకుంటే ఇవ్వండి, రసీదు మీద మాత్రం "మెకానిక్ చూశాక బండి బాగాలేకపోయినా, లోను క్లియర్ కాకపోయినా డబ్బు పూర్తిగా వాపసు" అని రాయించి, స్టాంపు వేయించుకోండి. కొందరు వెంటనే రాసిస్తారు. అలాంటి చోట్ల కొన్నవాళ్లు ఇప్పటికీ హాయిగా తిరుగుతున్నారు. కొందరు "మాట మీద నమ్మకం లేదా అన్నా" అంటారు. అక్కడ నేను టీ తాగేసి, థాంక్స్ చెప్పి, మావాణ్ని లేవదీసుకుని వచ్చేస్తాను.