తిమ్మన ఆట ఎవరైనా రాసుంటే

పోయిన ఆదివారం ప్రొద్దుటూరులో ఒక బడిలో పిల్లల చదరంగం పోటీలు జరిగితే చూసి వచ్చాను. పదేళ్లు కూడా నిండని ఒక పిల్లవాడు ఆట మొదట్లోనే తన గుర్రాన్ని ఎదుటివాడి బంటుకు వదిలేశాడు. అది పోతోందని తెలిసి కూడా, మంత్రి ముందున్న బంటును తాపీగా రెండు గళ్లు తోశాడు. ఎదుటి పిల్లవాడు గుర్రాన్ని తీసుకున్నాడు. ఆపైన వాడి రాజుకు ఎక్కడా నిలవనీడ దొరకలేదు. ఆటకట్టు.

ఆ ఎత్తులు చూసుకుందామని కాగితం అడిగాను. లేదన్నారు. "ర్యాపిడ్ సార్, రాయాల్సిన పని లేదు" అన్నారు నిర్వాహకులు. నిజమే. క్లాసికల్ ఆటలో ప్రతి ఎత్తూ రాసి తీరాలి, ర్యాపిడ్‌లో ఆ నియమం లేదు. బయట టీ బంకు దగ్గర పిల్లవాడి తాత అప్పటికే కథ మొదలుపెట్టాడు. "మావోడు గుర్రాన్నే ఇడిసిపెట్నాడు సామీ! ఆ పిల్లోడు ఆశపడి తీసుకున్నాడు. అంతే, రాజును చుట్టుముట్టేసినాడు." రెండో గ్లాసు టీ వచ్చేసరికి ఆ కథలో ఏనుగు కూడా బలి అయిపోయింది. ఏనుగు ఎక్కడికీ పోలేదు, నేను పక్కనే నిలబడి చూశాను. బస్సెక్కి ముద్దనూరు చేరేదాకా నా చిరాకు తగ్గలేదు.

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా గోల తెలిసిందే. నేను ఏ విషయం ఎత్తుకున్నా చివరికి కలమళ్ల శాసనం దగ్గరికి వస్తాను. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు 575లో తెలుగును రాతికెక్కించింది మన పక్కూళ్లోనే. కొన్ని దశాబ్దాల తర్వాత బాణుడు హర్షచరితంలో చతురంగాన్ని ప్రస్తావించాడు. అంటే ఈ ఆట పుస్తకాల్లో కనబడటం మొదలైన కాలానికే మనవాళ్లకు రాసిపెట్టుకునే అలవాటుంది. మాన్యాలు రాశారు, సరిహద్దులు రాశారు, ధర్మం తప్పినవాడికి తగిలే పాపమూ రాశారు. ఆడిన ఆట మాత్రం రాయలేదు.

రాయనందువల్ల పోయింది తక్కువేమీ కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో బొడ్డుచర్ల తిమ్మన అనే కవి ఉండేవాడు. రాయలతో రోజూ చదరంగం ఆడేవాడట. వందమంది ఒక్కటై రాజు పక్షాన నిలిచినా గెలుపు తిమ్మనదేనని ఒక చాటుపద్యం చెబుతుంది. ఆ నేర్పుకు మెచ్చి రాయలు ఆయనకు కొప్పోలు గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడని కథ. మన గండికోట పెమ్మసాని రామలింగనాయుడు రాయచూరు యుద్ధంలో ఏం చేశాడో ఊరూరా చెప్పుకుంటాం. అదే రాజును పలక మీద పదేపదే ఓడించినవాడి ఎత్తు ఒక్కటైనా మనకు తెలియదు.

అప్పటి దేశీ ఆట ఇప్పటిలాంటిది కాదు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. కోట కట్టుకోవడం లేదు. బదులుగా రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. చెక్ పడకముందే ఆ దూకుడు వాడుకోవాలి. ఇలాంటి ఆట నిదానంగా మొదలవుతుంది. ఇరుపక్షాలూ చాలాసేపు తమ బంట్లను సర్దుకుంటాయి. సలహాలివ్వడానికి వందమంది చుట్టూ చేరేంత తీరిక అందులో ఉంది. తిమ్మన ఆ తీరికలో రాజును ఏ మూలకు నెట్టేవాడు? ఆ ఒక్క దూకుడును ఎప్పుడు లాగేసేవాడు? ఒక్క తాటాకు ఉండి ఉంటే తెలిసేది.

రాసినవాళ్ల సంగతి చూడండి. 1828లో మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య ఉత్తరాల మీద రెండు ఆటలు నడిచాయి. మద్రాసు పక్షాన ఆడినవాళ్లలో గులాం కాసిం ఒకడు. మరుసటి ఏడాది జేమ్స్ కాక్రేన్‌తో కలిసి ఆయన తెచ్చిన పుస్తకంలో ఆ ఆటలున్నాయి. ఆ ఆటలు నడిచిన రెండేళ్లకు, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయల్దేరి మద్రాసు నుంచి తిరుపతి, కడప, అహోబిలం మీదుగా హైదరాబాదు చేరడానికి వారాలు పట్టింది. టప్పా మనిషి ఆయనకంటే వేగంగానే నడిచి ఉంటాడు. అయినా ఒక్కో ఎత్తుకు ఎంత ఓపిక! ఉత్తరం మీద ఆడాలంటే రాయక తప్పదు, అందుకే ఆ ఆటలు మిగిలాయి. గుర్రాన్ని వదిలేసి మంత్రి ముందరి బంటును తోసే దాడి ఒకటుంది. ప్రపంచమంతా దాన్ని ఇప్పటికీ గులాం కాసిం పేరుతోనే పిలుస్తుంది. ప్రొద్దుటూరు పిల్లవాడు ఆదివారం ఆడింది అదే.

మీర్ సుల్తాన్ ఖాన్ కూడా దేశీ ఆటలోనే పెరిగాడు. పంజాబు నుంచి లండన్ వెళ్లి 1929, 1932, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. కాపబ్లాంకానే ఓడించాడు. చనిపోయిన ఎన్నో ఏళ్లకు, 2024లో, ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చిందంటే ఆ ఆటలన్నీ కాగితం మీద ఉండబట్టే.

ఇంతవరకు రాశాక కోనేరు హంపి ఆటలు కొన్ని ముందేసుకున్నాను. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ఆమె రెండోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. మొదటి ఆటే ఓడిపోయి, చివరి రౌండులో నల్లపావులతో ఐరీన్ సుకందర్‌ను గెలిచి టైటిల్ తెచ్చుకుంది. ఆ ఎత్తులన్నీ భద్రంగా ఉన్నాయి. కానీ మన ఇళ్లలో హంపి గురించి చెప్పుకునేది ఆ ఎత్తులు కాదు. కూతురికి ఆట నేర్పడానికి కోనేరు అశోక్ ఉద్యోగం మానుకోవడం, పదిహేనేళ్లకే ఆమె జూడిట్ పోల్గార్ రికార్డు దాటడం, తల్లయ్యాక మళ్లీ వచ్చి గెలవడం. ఇవేవీ స్కోరుషీటులో ఉండవు.

గులాం కాసిం విషయమూ అంతే. ఆయన దాడి తెలుసు, మనిషి తెలియడు. ఎవరి దగ్గర నేర్చాడో, ఓడితే ఎలా ఉండేవాడో ఆ ఎత్తుల్లో కనబడదు. తిమ్మన ఎత్తు ఒక్కటీ దొరకదు గానీ, ఆ చిన్న పద్యంలో మనిషి ఉన్నాడు. ఎదురుగా కూర్చున్న రాజున్నాడు, ఆ రాజు పక్కన చేరిన వందమందీ ఉన్నారు. పండితుల నోట అయిదువందల ఏళ్లు నడిచి వచ్చిందది. ఆ వంద నిజంగా వందే అయి ఉండాలని నేనెప్పుడూ అడగలేదు. మరి ప్రొద్దుటూరు తాత కథలో ఒక ఏనుగు ఎక్కువైతే నాకెందుకంత పట్టింపు?

ఆ పద్యంలో నన్ను ఇప్పుడు పట్టుకున్నది తిమ్మన గెలుపు కూడా కాదు. యుద్ధంలో ఓటమి ఎరుగని రాజు, రోజూ ఓడిపోతూ మర్నాడు మళ్లీ పలక వేయించుకున్నాడు. ఓడించినవాడికి ఊరు రాసిచ్చాడు. కొప్పోలు ఒంగోలు పక్కనే ఉంది. ఈసారి అటు వెళ్లినప్పుడు అక్కడి పెద్దవాళ్లను తిమ్మన గురించి అడుగుతాను. వాళ్లు ఎంత పెంచి చెప్పినా సరే, అడ్డు రాకుండా వింటాను.