ఇంజెరా, నీకు దండం

ఇంజెరా! పళ్లెమూ నువ్వే, కూరను అందుకునే చెంచావూ నువ్వే, ఆఖరికి కడుపు నింపే రొట్టెవూ నువ్వే. నీకు దండం.

వాషింగ్టన్‌లో యూ స్ట్రీట్ దగ్గర, ఇథియోపియా వాళ్ల హోటళ్లున్న వీధిలో నిన్ను మొదటిసారి చూశాను. 1974లో హైలే సెలాసీ చక్రవర్తి గద్దె దిగాక, సైనిక పాలన నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు ఎందరో ఆ ఊళ్లో స్థిరపడ్డారు. ఇల్లు పోయింది, పొలం పోయింది. పిండి పులియబెట్టే విద్య మాత్రం చేతుల్లోనే ఉండిపోయింది. ఆ చేతులకు కూడా దండం.

రంగురంగుల గడ్డితో అల్లిన మెసోబ్ బుట్ట చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టారు. బుట్ట మీద నువ్వు పరుచుకుని ఉన్నావు, మూరెడుకు పైనే వెడల్పు. నీ మీద కుప్పలు కుప్పలుగా కూరలు: బెర్బెరే కారంతో ఎర్రగా మెరిసే మసూర్ పప్పు, శనగపిండిని చిక్కగా ఉడికించిన షీరో, వెల్లుల్లితో మగ్గిన ఆకుకూర, పసుపు వేసిన క్యాబేజీ, ఆలూ. "అమ్మా, ఇక్కడ చెంచా ఉండదు" అంది మా అమ్మాయి. నా ప్రాణం లేచివచ్చింది.

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో పుట్టి పెరిగిన నాకు పులిసిన పిండి సంగతి బాగా తెలుసు. తెల్లారకముందే సినిమా షూటింగులకు బయల్దేరే వాళ్ల కోసం పెనాలు వేడెక్కే వీధులు మావి. అయినా రాత్రి రుబ్బి పొద్దున పోసే మా దోసె పులుపు నీ పులుపు ముందు పసిబిడ్డ. రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, నువ్వు ఓపిగ్గా పులుస్తావు. పైన తేరిన పసుపుపచ్చని తేటను, ఎర్షోను, తర్వాతి పిండి కోసం దాచిపెడతారు. నిన్నటి పులుపు రేపటికి తోడు. మితాద్ అనే పెద్ద మట్టి పెనం మీద నిన్ను గుండ్రంగా పోసి మూత పెడతారు, తిరగెయ్యరు. అందుకే నీ అడుగు నున్నగా ఉంటుంది, పైభాగమంతా లెక్కలేనన్ని గుంటలు. వేలితో చిన్న ముక్క తుంచి పప్పు మీద అద్దాను. ఎర్రటి రసం ఒక్కో గుంటలోకి దిగి, ముక్క బరువెక్కింది. నోట్లో పెట్టుకోగానే ముందు పులుపు, తర్వాత కారం, ఆ వెనకాల ఎక్కడో మెంతుల చేదు. నమలక ముందే కళ్లు మూసుకుపోయాయి.

ఇంత రుచికి మూలం టెఫ్. ఆవగింజ కన్నా చిన్న గింజ, పిడికిట్లోంచి జారితే మట్టిలోంచి ఏరలేం. ఇథియోపియా ఎత్తయిన పీఠభూముల మీద రైతులు వేల ఏళ్లుగా దాన్ని కాపాడుకుంటూ వచ్చారు. ఆ రైతులకు నా వందనం.

నువ్వు మాకు కొత్తే, నీ నేల మాత్రం కొత్త కాదు తల్లీ. మా తాతలు తిన్న జొన్న ఈశాన్య ఆఫ్రికాలో పుట్టింది. మా రాగి సంకటికి మూలమైన గింజ అక్కడి తూర్పు ఎత్తుల నుంచే వచ్చింది. చలికాలం మొదట్లో అరకు లోయను పచ్చగా పూయించే వలిసెలు నీ ఊరివే. అదే అరకు కొండల్లో గిరిజనులు పండించే అరబికా కాఫీకీ పుట్టిల్లు ఇథియోపియా అడవులే. మా కాలనీ నుంచి ఆటోలో పోయేంత దూరంలో ఏసీ గార్డ్స్ పేట ఉంది. వనపర్తి రాజు పోషించిన ఆఫ్రికా అశ్వదళం తర్వాత నిజాం సైన్యంలో కలిసింది. ఆ గుర్రపు దళం వాళ్లు కాపురమున్న చోటు అది, వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ హైదరాబాదీలే. ఇన్ని తరాల రాకపోకల తర్వాత నీ దగ్గర నేను అతిథిలా ఎలా కూర్చోను?

ఒక్క సంగతి నన్ను కదిలించేసింది. మాది ఎంగిలి పట్టింపున్న ఇల్లు. ఒకరి కంచంలో ఇంకొకరు చెయ్యి పెడితే పెద్దవాళ్లు కసిరేవారు. నీ దగ్గర కంచం ఒక్కటే. అందరి కుడిచేతులూ అందులోనే. మా అమ్మాయి ఒక ముక్క తుంచి, అందులో షీరోనూ ఆకుకూరనూ చుట్టి, ముద్ద చేసి నా నోటి దగ్గరికి తెచ్చింది. అది ఇథియోపియా మర్యాదట, గుర్షా అంటారట. ప్రేమ ఎంత పెద్దదైతే ముద్దా అంత పెద్దదిగా ఉండాలి. చందమామను చూపించి నేను గోరుముద్దలు తినిపించిన పిల్ల అది. పరాయి దేశంలో, మూడో దేశపు వంటతో, నాకు ముద్ద పెడుతోంది. నోరు తెరిచాను. ఎంగిలి ఊసే గుర్తురాలేదు.

మాంసం తినేవాళ్లకు డోరో వాట్ ఉంది. సన్నగా తరిగిన ఉల్లిపాయల్ని నూనె చుక్క లేకుండా ముందు చాలాసేపు వేయించి, ఆ తర్వాతే సుగంధాలు వేసి కాచిన వెన్న కలిపి, కోడినీ ఉడికించిన గుడ్లనూ అందులో మగ్గబెడతారు. మా అల్లుడు దాన్ని వదల్లేదు. నా మనసు మాత్రం ఉపవాసపు పళ్లెం మీదే నిలిచింది. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టర్‌కు ముందు 55 రోజులూ మాంసం, పాలు, వెన్న, గుడ్డు ముట్టరు. వాళ్ల నిష్ఠలోంచి పుట్టిన ఈ పప్పులూ కూరలూ మన శాకాహారులకు పండగ భోజనం. భక్తితో వండుకున్న తిండికి ఉండే శుభ్రమైన రుచి అది.

వర్జీనియాలోనో మేరీల్యాండ్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మలారా, నాన్నలారా! మన ఇడ్లీ సాంబార్ ఎక్కడ దొరుకుతుందా అని వెతికే ముందు, ఒక్క పూట ఇంజెరా తినిపించమని పిల్లల్ని అడగండి. చెంచా కోసం చూడకండి. ఉపవాసపు పళ్లెం తెప్పించుకోండి. భోజనం చివర మంట మీద కాఫీ గింజలు వేయించి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి మూడు విడతలుగా పోస్తారు. తీరిగ్గా కూర్చోండి, మూడో విడత తాగకుండా లేవకండి.