నేరాల పట్టికలో మనమెక్కడ?

జాతీయ నేర నమోదు సంస్థ ఏటా వేసే ‘క్రైమ్ ఇన్ ఇండియా’లో షెడ్యూల్డు తెగలపై నేరాలకు ఒక అధ్యాయం ఉంది. 2022లో 10,064 కేసులు, 2023లో 12,960. దేశమంతా దాడులు పెరిగాయని ఎవరైనా అనేస్తారు. కానీ మణిపూర్ వరస చూడండి: 2022లో ఒక్కటి, 2023లో 3,399. ఆ రాష్ట్రాన్ని పక్కన పెడితే మిగతా దేశంలో కేసులు 10,063 నుంచి 9,561కి తగ్గాయి.

తగ్గాయి గనుక మనం క్షేమమేనా? అలాగని చెప్పలేం. ఈ పుస్తకం లెక్కించేది పోలీసులు నమోదు చేసిన కేసులనే. స్టేషన్ గడప నుంచి తిప్పి పంపిన ఫిర్యాదుకు ఇందులో చోటు లేదు. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నిటికన్నా పెద్దదాన్నే లెక్కిస్తారు. 1/70 చట్టం కింద ఎస్‌డీసీ కోర్టులో నలిగే భూమి తగాదా, పోలీసు కేసు కాకపోతే, ఇక్కడ కనబడదు. లక్ష జనాభాకు ఎన్ని నేరాలన్న రేటును కూడా 2011 జనగణన మీదే కట్టారు.

2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు పోలీసులపై అత్యాచార ఫిర్యాదు చేశారు. 2023లో నిందితులను విడుదల చేసిన కోర్టే దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. పట్టికకు తెలిసేది విడుదల ఒక్కటే. ఆ పదహారేళ్లు అందులో పట్టవు.

అందుకే ఉపాధ్యాయులు ఈ పట్టికను తరగతికి తేవాలి. ప్రతి అంకె దగ్గరా పిల్లల చేత అడిగించాలి: ఇది ఎవరు రాశారు, ఎవరు చెబితే రాశారు, చెప్పలేకపోయినవాళ్లు ఎవరు?