దారి మారిస్తే మళ్లీ కొలవాల్సిందే

పరుగు పోటీ నిర్వాహకులకు ఊళ్లో ఏ రోడ్డూ సొంతం కాదు. పైపుల కోసం తవ్వే శాఖ, ట్రాఫిక్ పోలీసులు, ఉన్నట్టుండి కురిసే వాన, ఎవరి కారణం వారికుంటుంది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కైతే వానాకాలం ఏటా ఉండే పరీక్షే. కాబట్టి రూటు మార్చడాన్ని నేను తప్పుపట్టను. మార్చిన దారిని మళ్లీ కొలవకుండా, పాత దూరం పేరుతోనే జనాన్ని పరుగెత్తించడమే తప్పు. బోస్టన్ మారథాన్ దారిలో రోడ్లను సరిచేయడంతో 1951 నుంచి 1956 దాకా ఆ పరుగు దాదాపు ఒక కిలోమీటరు తక్కువగా సాగింది. ఆ సంగతి బయటపడేసరికి ఆరు పోటీలు ముగిసిపోయాయి. 2016లో గ్లాస్గోలో జరిగిన గ్రేట్ స్కాటిష్ రన్ హాఫ్ మారథాన్‌లో కాగితం మీద కొలత సరిగానే ఉంది. కానీ పోటీ రోజు దారిని ఆ ప్రకారం ఏర్పాటు చేయలేదు. సుమారు 150 మీటర్లు తగ్గడంతో విజేత క్యాలమ్ హాకిన్స్ నెలకొల్పిన స్కాటిష్ రికార్డు చెల్లకుండా పోయింది.

చేతికి జీపీఎస్ వాచీ ఉండగా ఇంత పట్టింపు దేనికని కొందరంటారు. ఎత్తైన భవనాల మధ్య, ఫ్లైఓవర్ల కింద జీపీఎస్ లెక్క తప్పుతుంది. అధికారిక కొలతకు వాడేది సైకిల్. టేపుతో కొలిచిన నేల మీద ముందు దాన్ని సరిచూసి, చక్రానికి బిగించి దాని చుట్లను లెక్కపెట్టే జోన్స్ కౌంటర్ అనే పరికరంతో, మలుపుల దగ్గర అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, పరుగెత్తగలిగిన అతి దగ్గరి దారిన తొక్కుతారు. దూరం తగ్గకుండా కిలోమీటరుకు 1 మీటరు చొప్పున కలుపుతారు. మారథాన్‌కు ఇది 42 మీటర్లు. ఇంత జాగ్రత్తగా కట్టిన లెక్క ఒక్క డైవర్షన్‌తో చెదిరిపోతుంది. దిద్దుకోవడం మాత్రం కష్టం కాదు. ఒక చోట 200 మీటర్లు తగ్గితే, వెళ్లి వెనక్కి వచ్చే రోడ్డు మీద యూ టర్న్‌ను 100 మీటర్లు ముందుకు జరిపితే సరిపోతుంది.

ఆరోగ్యం కోసం పరుగెత్తేవారికి ఈ మీటర్ల గొడవ ఎందుకన్నది మరో అభ్యంతరం. కిలోమీటరుకు 7 నిమిషాలు తీసుకునేవారికి 150 మీటర్లంటే ఒక నిమిషం పైమాటే. హాఫ్ మారథాన్‌ను రెండున్నర గంటల్లోపు ముగించాలని నెలల తరబడి సాధన చేసినవారికి ఆ నిమిషమే గెలుపోటములను తేల్చవచ్చు. పైగా దారి మారితే కిలోమీటరు బోర్డులు, నీళ్ల కేంద్రాలు, అంబులెన్సులు కూడా జరగాలి. పాత మ్యాపు చేతిలో ఉన్న వాలంటీరు, సొమ్మసిల్లిన మనిషి కోసం సాయాన్ని సరైన చోటికి పంపలేరు. పోలీసులు చివరి రోజున కాదంటే ఏం చేస్తామన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే అనుమతులు అడిగేటప్పుడే రెండో దారినీ కొలిచి, పోలీసులకు చూపించి సిద్ధంగా ఉంచుకోవాలి. అదీ కుదరకపోతే, ఈ దూరం కొలిచింది కాదని పరుగు మొదలవకముందే చెప్పాలి. ఫీజు కట్టే ప్రతి ఒక్కరికీ నా విన్నపం: టీషర్టు, మెడల్ ఎలా ఉంటాయని అడిగే ముందు, ఈ దారిని ఎవరు కొలిచారో, ఎప్పుడు కొలిచారో అడగండి.