ఇల్లే చూడవలసిన వస్తువు

సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివాళ్లు మా నల్లకుంటలో అరుదు. ఊరి నుంచి చుట్టాలొస్తే ముందు తీసుకెళ్లేది అక్కడికే. మేలిముసుగు రెబెకా, గంటలు కొట్టే గడియారం, చైనా పింగాణీ అన్నీ చూసి, కాళ్లు పీకుతుంటే బయటికొస్తాం. ఇవన్నీ ఉండిన ఇల్లేదని అడగాలని మాత్రం తోచదు.

ఆ ఇంటి పేరు దివాన్ దేవిడి. నిజాముల దగ్గర దివాన్‌గిరీ చేసిన సాలార్‌జంగ్ కుటుంబం నివాసం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. 1949లో సంతానం లేకుండా ఆయన పోయాక, 1951 డిసెంబర్ 16న నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించింది ఆ దేవిడీలోనే. 1968లో వస్తువులు మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలిపోయాయి. వస్తువులు దక్కాయి, ఇల్లు దక్కలేదు. అది ఉన్నచోట ఇప్పుడు దుకాణాల సందడి.

నిజాం కాలపు ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ ఆ దేవిడీలోని చీనీఖానాను ఫోటో తీశారు. ఆ గది గోడలకు పింగాణీ పళ్లాలూ కప్పులే అలంకారం. అద్దాల బీరువాలో నంబరు చీటీ పక్కన నిలబెట్టిన పళ్లెం ఎంత గొప్పదైనా, అటువంటి గదిలో కూర్చున్నవాళ్లకు కనిపించినట్టు మనకు కనిపించదు.

ఇంటినే చూపించే చోట్లూ ఉన్నాయి. చైనాలో షాన్సీ ప్రాంతంలో చియావ్ అనే వర్తక కుటుంబం భవంతి ఉంది. మూడువందలకు పైగా గదులు. 1986 నుంచి అది జానపద సంస్కృతి మ్యూజియం. పెళ్లి తంతులు, పండగలు, వ్యాపారం, అన్నీ ఆ వాకిళ్లలో, ఆ గదుల్లోనే చూపిస్తారు. ఇల్లే వస్తువైపోయింది. అదే సరైన పద్ధతి అని నా నమ్మకం.

ఇళ్లు చూడటం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. పాత ఇంటికి వెళితే ముందు గడప చూస్తాను, ఎక్కడ ఎక్కువ అరిగిందో. తర్వాత గోడలో దీపంగూడు, దాని పైన మసి ఎంత ఎత్తుకు పాకిందో. ఆ తర్వాత, పనిచేసే మనిషి ఎక్కడ కూర్చుంటే వెలుతురు పడుతుందో. ఈ మూడూ చూస్తే ఇంట్లో ఎవరి రోజు ఎలా గడిచిందో కొంత తెలుస్తుంది.

అలా చూసినవాటిలో నన్ను బాగా కదిలించినది మద్రాసు దగ్గర ముట్టుకాడులో ఉంది. 1996లో తెరిచిన దక్షిణచిత్రలో, పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. విశాఖ తీరం హరిపురం చుట్టిల్లు అక్కడుంది, గాలివానకు తట్టుకునేలా కప్పు నేల దాకా వంగి. దాంతోపాటు కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు. కొయ్యలగూడెం అంటే మన చౌటుప్పల్ దగ్గరిదే! బెజవాడ రోడ్డు మీద పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. ఆ ఊరి ఇల్లు చూడటానికి రైలెక్కి మద్రాసు పోవలసి వచ్చింది. ఇంటిని కాపాడిన వాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది, మనం ఎందుకు కాపాడుకోలేదన్న బాధా కలిగింది.

ఇక్కత్ నేసే ఇల్లంటే నివాసం, కార్ఖానా రెండూ. నూలుకు ముందే ముళ్లు కట్టి రంగు ముంచాలి, ఆరబెట్టాలి, తర్వాతే మగ్గం. ముళ్లు కట్టడానికి ముందు ఆసు పోయడం, అంటే చట్రం మీద నూలు చుట్టడం, ఆడవాళ్ల పని. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. శారాజీపేట చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే, ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసు ఒక్కదాన్నే బీరువాలో పెడితే అదొక చెక్క చట్రం. ఆ తల్లి రోజంతా కూర్చున్న మూల, పక్కనే పొయ్యి, చేతికందే దూరంలో పిల్లాడి ఊయల ఉంటేనే ఆ భుజం నొప్పి చూసేవాడికి అర్థమవుతుంది.

మా నల్లకుంట, నారాయణగూడ గల్లీల్లో బంగళా పెంకుల ఇళ్లు ఇంకా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. డంగుసున్నం గోడలు, షాబాద్ బండలు, వెనకాల చేదబావి. ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కి పోతున్నాయి. ఇచ్చేవాళ్లను తప్పుపట్టను, అన్నదమ్ముల వాటాలు, ఆడపిల్లల పెళ్లిళ్లు, వాన కారే కప్పు, వాళ్ల ఇబ్బందులు వాళ్లవి. అన్ని ఇళ్లూ మ్యూజియాలు కాలేవు. వాటిలో ఒక్కటైనా, బావి గిరకతో సహా, ప్రభుత్వం కొని ఉంచాలి. రాజభవనాలకు దొరికే శ్రద్ధ గుమస్తాలు, పంతుళ్లు కాపురమున్న ఇంటికి కూడా దొరకాలి.

మిగతావాటికి నేను అడిగేది చిన్నపని. అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు ఆర్కిటెక్చర్ చదివే పిల్లల్ని పిలిచి కొలతలతో నక్షా గీయించండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే గదిగదికీ తిప్పి అడగండి: పురుళ్లు ఏ గదిలో పోశారు, ఆవకాయ జాడీలు ఏ మూలన పెట్టేవారు, మడినీళ్లు ఎక్కడుండేవి, అద్దెకున్నవాళ్లు ఏ వాకిలి నుంచి వచ్చేవారు. నక్షా మీద ఆ చోటే ఆమె చెప్పింది రాసుకోండి. ఒక కాపీ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఇవ్వండి. వాటికోసం అక్కడొక బీరువా ఏర్పాటు చేయమని లైబ్రరీవాళ్లను ఈ కాలమ్ ద్వారా కోరుతున్నాను.